ఉద్యమ్ సర్టిఫికెట్‌కు 2,999 అడుగుతున్నరు, ఇయ్యాల్నా? వరంగల్, హన్మకొండ చిన్న వ్యాపారస్తులు జర చెప్పండి

కారంపొడి అక్క (భీమారం, హన్మకొండ)
నవంబర్ 9, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నాలుగేండ్ల సంది ఇంట్లనే కారం, పసుపు, మామిడి తొక్కు, చింతకాయ తొక్కు, సంక్రాంతికి సకినాలు చేసి అమ్ముతున్న. ఎక్కువ తెలిసినోళ్లే. వాళ్ల పిల్లలు హైదరాబాద్, బెంగళూరుల ఉంటరు కాబట్టి పార్సిళ్లు పోతయి. నెలకు 70, 75 వేల గిరాకీ. మిరపకాయ ఏనుమాముల మార్కెట్ నుంచి తెస్త, తొడిమలు నేనూ మా అత్తమ్మా కూసోని తీస్తం. పట్టిచ్చుడు మాత్రం బయటి గిర్నీలనే. మనకంటె ముందు ఎవరన్న గరం మసాలా పట్టిస్తే ఆ వాసన మన కారంల కొడ్తది. అందుకే సొంత గిర్ని పెట్టుకోవాలని ఉన్నది.

మొన్న ఒకాయన ఫోన్ చేసిండు. "మేడం, ఎంఎస్‌ఎంఈ (చిన్న పరిశ్రమల) ఆఫీసు నుంచి. ఉద్యమ్ సర్టిఫికెట్, అంటే చిన్న వ్యాపారానికి సర్కారు నమోదు, 2,999 రూపాయలు. అది ఉంటె ముద్ర లోన్ 10 లక్షలు పక్కా, 35 శాతం మాఫీ" అన్నడు. ఆధార్, పాన్ వాట్సాప్‌ల పెట్టమన్నడు. పెట్టలే. మా ఆయనేమో "ఊకె వచ్చేదేది ఉండదు, 3 వేలే కదా" అంటున్నడు. ఇయ్యాల్నా? ఇసొంటి పనులకు మనూర్ల నిజంగ ఎవర్ని కలవాలె?

మండిబజార్ సేటు (వరంగల్)
నవంబర్ 9, రాత్రి 9:52

ఇయ్యకు చెల్లె. ఆ పైసలతోని మిరపకాయ కొనుక్కో.

నాకు గూడ వచ్చింది గీ ఫోన్. ఆఫీసు ఎక్కడ బాబు అంటే "ఆన్‌లైన్ ఆఫీసు" అన్నడు. మావి గూడ ఆన్‌లైన్ పైసలే, ఊహించుకోని తీస్కో అన్న. పెట్టేసిండు.

లెక్కల పిల్ల (నయీంనగర్)
నవంబర్ 9, రాత్రి 10:20

అక్కా, ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఒక్క రూపాయి ఫీజు లేదు. 2020 జులై 1 నుంచి నడుస్తున్న పద్ధతి. సర్కారు పోర్టల్ ఒక్కటే, దాని అడ్రసు చివర "జీఓవీ డాట్ ఇన్" ఉంటది. వెతికితే పైన కనపడేటివి చాలా ప్రైవేటోళ్లవి. అచ్చం సర్కారుదాని లెక్కనే రంగులేసి పెడ్తరు. ఒక్కసారి అక్కడ ఫారం నింపినవంటే ఇగ ఫోన్లే ఫోన్లు. నువ్వు ఎక్కడన్న నింపినవా?

కావాల్సింది ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు, పాన్, బ్యాంకు ఖాతా. కాగితం ఒక్కటి గూడ అప్‌లోడ్ చేసేదుండదు. పావుగంట పని. రెన్యువల్ గూడ లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి లెక్క మారింది: యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్ల లోపు, టర్నోవర్ 10 కోట్ల లోపు ఉంటే సూక్ష్మ పరిశ్రమే. మనూరి దుకాణాలు దగ్గరదగ్గర అన్నీ అండ్లకే వస్తయి.

ఒక్కటి యాది పెట్టుకో. వ్యాపారం ఏందని అడిగిన కాడ "తయారీ" పెట్టు, "ట్రేడింగ్" పెట్టకు. నువ్వు పట్టించి, కలిపి, ప్యాక్ చేస్తున్నవ్. ఆ ఒక్క గడి తేడాతోని తర్వాత చాలా తేడా వస్తది.

(ఈ వ్యాఖ్య తొలగించాం)
నిర్వాహకులు: ఫోన్ నంబరు పెట్టి "లోన్ గ్యారంటీ" అని రాశారు. ఈ చర్చలో ఇది రెండోది. మూడోది వస్తే సభ్యత్వమే తీసేస్తాం.

మండిబజార్ సేటు
నవంబర్ 9, రాత్రి 10:31

ఆయనే అయ్యుంటడు. ఆన్‌లైన్ ఆఫీసు.

రిటైర్డ్ బ్యాంకోడు (హన్మకొండ)
నవంబర్ 10, ఉదయం 6:15

అమ్మా, నేను 31 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. పరకాల, కరీంనగర్, హన్మకొండ శాఖల్లో అప్పులిచ్చాను, అప్పులు కాదనీ పంపాను. ఆ ఫోన్ మనిషి మూడు వేర్వేరు సంగతులను ఒకే ముద్ద చేసి మీ చేతిలో పెట్టాడు.

ముద్రలో సబ్సిడీ లేదు. అది మామూలు బ్యాంకు రుణమే, తాకట్టు అడగరు, అంతే. 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్. తరుణ్ తీసుకొని సరిగా తీర్చినవాళ్లకు ఇప్పుడు 20 లక్షల వరకు తరుణ్ ప్లస్ ఉంది. 35 శాతం అన్నది వేరే పథకంలోది: ఆహార పదార్థాలు తయారుచేసే చిన్న యూనిట్ల కోసం 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ. మీకు సరిపోయేది అది. "పక్కా" అనే మాట మాత్రం మేనేజరు కూడా అనడు.

చెప్పేముందు కొన్ని అడగాలి. మీ ఫోన్‌పే స్కానర్ ఎవరి ఖాతాకు ఉంది? ఫుడ్ రిజిస్ట్రేషన్ ఉందా? గిర్నికి కొటేషన్ తీసుకున్నారా? ఇంతకుముందు ఏ బ్యాంకుకైనా వెళ్లారా?

కారంపొడి అక్క
నవంబర్ 10, మధ్యాహ్నం 2:05

సార్ నమస్తే. స్కానర్ మా ఆయన ఖాతాకున్నది. సగం మంది చేతికే ఇస్తరు, అవి పోపు డబ్బాలకు పోతయి. ఫుడ్ రిజిస్ట్రేషన్ లేదు, ఇంట్ల చేసేదానికి ఎందుకని తీస్కోలే. గిర్ని, వేంచే మిషిను, సీలింగ్ మిషిను, వైరింగ్ అంతా కలిపి 6 లక్షల దాకా అయితదని చెప్పిన్రు, కాగితం మీద ఇయ్యలే. పోయినేడు ఒక బ్యాంకుకు పోయిన. "ఇంటి కాగితాలు పెడ్తవా" అన్నరు. ఇల్లు మామయ్య పేరు మీద ఉన్నది. ఇగ లేచి వచ్చిన.

లెక్కల చెల్లె, అవ్, ఒక సైటుల పేరు, నంబర్ కొట్టిన. అందుకేనా!

రిటైర్డ్ బ్యాంకోడు
నవంబర్ 10, సాయంత్రం 5:50

ఇదే నేను ఊహించింది. మీకు నాలుగేళ్ల వ్యాపారం ఉంది. కానీ బ్యాంకు దృష్టిలో ఒక్క రోజు వ్యాపారం కూడా లేదు. మీరు చేసిన కారం అంతా మీ ఆయన ఖాతాలో, పోపు డబ్బాలో ఉంది. రుణం మీ పేరున అడిగితే మేనేజరు మీ ఖాతా తెరిచి చూస్తాడు. అందులో గ్యాస్ సబ్సిడీ తప్ప ఏమీ కనపడదు. అందుకే ఇంటి కాగితాలు అడిగాడు. ఆయన చేసింది ఒప్పు అనడం లేదు. సూక్ష్మ, చిన్న యూనిట్లకు 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన 2010 నుంచీ ఉంది. సీజీటీఎంఎస్‌ఈ అనే గ్యారంటీ నిధి ఉన్నదే అందుకు. కానీ నిబంధన చూపించి గెలిచేకంటే స్టేట్‌మెంట్ చూపించి గెలవడం తేలిక. నా అనుభవంలో రూల్ బుక్కు పట్టుకొని వచ్చినవాళ్ల ఫైలు కిందికి పోయేది. తప్పే, కానీ పోయేది.

కాబట్టి రేపే మీ పేరున కరెంటు ఖాతా తెరవండి. స్కానర్ దానికి మార్చండి. చేతికి వచ్చిన డబ్బు వారానికోసారి జమ చేయండి. మిరపకాయ కొన్న తక్‌పట్టీలు (మార్కెట్ చీటీలు) పారేయకండి. ఫుడ్ రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలు, మీ టర్నోవర్‌కు అదే చాలు. ఇంట్లో చేసినా అవసరమే.

ఇక సబ్సిడీ లెక్క. ఖర్చు 6 లక్షలైతే మీ వాటా కనీసం 10 శాతం, 60 వేలు. బ్యాంకు 5 లక్షల 40 వేలు ఇస్తుంది. 35 శాతం సబ్సిడీ అంటే 2 లక్షల 10 వేలు. ఇది మీ చేతికి రాదు. బ్యాంకులోనే విడిగా ఉంటుంది, ఆ భాగానికి వడ్డీ పడదు, మూడేళ్లు వాయిదాలు సరిగా కడితే అప్పులోంచి తీసేస్తారు. గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ. స్థలం కొన్న ఖర్చు ఇందులో కలపరు. కలెక్టరేట్‌కు వెళ్లి జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఈ పథకానికి జిల్లా రిసోర్స్ పర్సన్ ఎవరని అడగండి. మీ ప్రాజెక్టు రిపోర్టు రాయడంలో సాయం చేయడం వాళ్ల పనే, వాళ్ల ఫీజు ప్రభుత్వం ఇస్తుంది. మీరేమీ ఇవ్వనక్కర్లేదు.

ఈ పథకానికి ప్రస్తుతం ఉన్న గడువు ఈ 2025-26 ఆర్థిక సంవత్సరం వరకే. మార్చి దాకా కూర్చోకండి.

జమ్మికుంట ప్లేట్లు (జమ్మికుంట దగ్గర పల్లె)
నవంబర్ 10, రాత్రి 8:12

సార్ చెప్పింది నిజం, సబ్సిడీ చేతికి రాదు. మా ఊర్ల ఇప్పటికీ నేను 4 లక్షలు ఊకె తిన్న అనుకుంటున్నరు.

నాది పేపర్ ప్లేట్ల యూనిట్, పీఎంఈజీపీ అనే కేంద్ర సబ్సిడీ పథకం కింద. ప్రాజెక్టు 12 లక్షలు. పల్లెల, బీసీని కాబట్టి 35 శాతం సబ్సిడీ, నా వాటా 5 శాతం. (టౌన్ల జనరల్ వాళ్లకు 15 శాతమే, వాటా 10.) అక్కా, నీకిది పనికిరాదు, ఇది కొత్తగ పెట్టేటోళ్లకే, నడుస్తున్నదానికి ఇయ్యరు. తయారీకి 50 లక్షల దాకా, సర్వీసుకు 20 లక్షల దాకా ఉన్నది. తయారీల 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలె.

నా కథ జర వినుండ్రి. రిపోర్టు రాసిస్తనని ఒకాయన 15 వేలు తీసుకున్నడు. మంచి బైండింగ్ చేసి ఇచ్చిండు. నేను గూడ చదవలే. బ్యాంకుల మేనేజర్ సార్ పేజీలు తిప్పుకుంట తిప్పుకుంట ఆరో పేజీ కాడ ఆగి, "ఏం బాబూ, ప్లేట్లా కొవ్వొత్తులా?" అన్నడు. చూస్తే మైనం ఇన్ని కిలోలు, వత్తులు ఇన్ని కిలోలు అని ఉన్నది. ఎవరిదో పాత రిపోర్టుకు నా పేరు అతికించిండు. సిగ్గుతోని చచ్చిన. తర్వాత నేనే కూసోని రాసుకున్న: పేపరు కిలో ఎంత, గంటకు ఎన్ని ప్లేట్లు, కరెంటు ఎంత, పెండ్లిళ్ల సీజన్ల ఎన్ని, ఆషాఢంల ఎన్ని. నాలుగు పేజీలే. మంజూరైంది.

మండిబజార్ సేటు
నవంబర్ 10, రాత్రి 8:20

గా కొవ్వొత్తుల రిపోర్టు ఇంక ఎన్ని బ్యాంకులు తిరుగుతున్నదో.

కొత్తవాడ మగ్గం (వరంగల్)
నవంబర్ 11, ఉదయం 7:30

మధ్యల దూరుతున్న, ఏమనుకోకుండ్రి. మాది జంఖానాల పని, మీరు దర్రీలు అంటరు. మా నాయిన, నేను, మా తమ్ముడు, మూడు మగ్గాలు. వరంగల్ దర్రీలకు 2018ల జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. పేరు వచ్చింది, సంతోషమే, కానీ గిట్టుబాటు ఆడనే ఉన్నది.

రెండు బాధలు. ఒకటి, పోయిన నెల 29న మొంథా తుపాను వానకు హంటర్ రోడ్డు దిక్కు మా బావమరిది ఇంట్ల పెట్టిన నూలు మొత్తం తడిసింది. అద్దకం చేసిన నూలు, రంగులు ఒకదానికొకటి అంటినయి. లక్షకు పైనే. 2023 జులైల గూడ అక్కడ నీళ్లొచ్చినయి. తెలిసి తెలిసి పెట్టిన, నాదే తప్పు.

రెండోది, హైదరాబాద్‌ల ఒక షోరూమాయనకు జులై 10న సరుకు ఇచ్చిన. 1,84,000. నలభై రోజులల్ల ఇస్తనన్నడు, బిల్లు మీద గూడ 45 రోజులని ఉన్నది. ఇప్పటికి నాలుగు నెలలు. ఫోన్ ఎత్తుతడు, మంచిగనే మాట్లాడ్తడు. "దసరా కానీ", "దీపావళి కానీ". ఇప్పుడు "పెండ్లిళ్లు కానీ" అంటున్నడు. నూలు కొననీకి చిట్టీ పాడి ఎత్తుకున్న. ఏమన్న తొవ్వ ఉన్నదా?

చేతివృత్తులోళ్ల పీఎం విశ్వకర్మ పథకంల పెట్టుకోమన్నరు, పోతే మా పేరు లేదు. 18 వృత్తులు ఉన్నయంట, చేపల వల అల్లేటోళ్లు ఉన్నరు, బట్ట నేసేటోళ్లు లేరు!

లెక్కల పిల్ల
నవంబర్ 11, ఉదయం 8:05

అన్నా, నీకు ఉద్యమ్ ఉన్నదా? ఉంటే ఎప్పటిది? తయారీ కిందనేనా?

కొత్తవాడ మగ్గం
నవంబర్ 11, ఉదయం 8:40

ఉన్నది. 2021ల చేనేత ఆఫీసుల కాడ క్యాంపు పెట్టి చేసిచ్చిన్రు. తయారీ అనే ఉన్నది. ఇన్నేండ్ల సంది బీరువాల పడి ఉన్నది, దేనికీ పనికిరాలే.

లెక్కల పిల్ల
నవంబర్ 11, రాత్రి 9:15

ఇప్పుడు పనికొస్తది. అక్కకు "తయారీ" పెట్టమన్నది గూడ ఇందుకే.

2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారుకు కొన్నోడు, రాసుకున్న గడువుల పైసలు ఇయ్యాలె. ఆ గడువు ఎంత పెట్టుకున్నా 45 రోజులు దాటొద్దు. గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఈ 2025 నవంబర్‌ల రిజర్వు బ్యాంకు రేటు 5.75, మూడింతలంటే 17.25 శాతం. నీ 45 రోజులు ఆగస్టు 24కే అయిపోయినయి. ఈ నవంబర్ 24కు మూడు నెలలు, వడ్డీనే 8 వేలు దాటుతది. సరుకు ఇచ్చేనాటికే నీ దగ్గర ఉద్యమ్ ఉన్నది కాబట్టి నీ పట్టు గట్టిది. తర్వాత తీసుకున్నోళ్లకు పాత బిల్లుల మీద ఈ వాదన నిలబడుడు కష్టం.

ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌ల నువ్వే ఇంట్లనుంచి ఫిర్యాదు పెట్టొచ్చు. అది ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోతది. ముందు రాజీకి పిలుస్తరు, కుదరకపోతే తీర్పు ఇస్తరు. ఆ తీర్పు మీద కోర్టుకు పోవాలంటే కొన్నోడు ముందుగాల 75 శాతం పైసలు కట్టాలె. చట్టంల 90 రోజులని ఉన్నది. నిజంగ అంతల అయితదని నేను చెప్ప.

ఇంకొకటి, ఇది షోరూమాయన ఆడిటర్‌కు బాగా అర్థమైతది: 1961 ఇన్‌కం ట్యాక్స్ చట్టం 43బీ(హెచ్). గడువుల నీకు పైసలు ఇయ్యకపోతే, ఇచ్చిన సంవత్సరం దాకా ఆ ఖర్చును ఆయన లెక్కల చూపించుకోరాదు. మార్చి 31 దాటిందంటే ఆ 1,84,000 మీద ఆయన పన్ను కట్టుకోవాలె.

సిరిసిల్ల సాంచా (సిరిసిల్ల)
నవంబర్ 11, రాత్రి 10:02

చెల్లె చెప్పింది చట్టం. నేను చెప్పేది బజారు. మేం సాంచాలు (మరమగ్గాలు) నడిపేటోళ్లం, ఉద్దెర మీదనే బతుకుతం. నేను ఒకసారి ఫిర్యాదు పెట్టిన, పైసలు వచ్చినయి, వడ్డీ కొంత వదులుకున్న. కానీ ఆ పార్టీ పోయింది, ఆయన చుట్టంపక్కమోళ్ల ఆర్డర్లు గూడ పోయినయి. రెండు సాంచాలు ఆర్నెల్లు ఆగినయి. పెట్టొద్దు అంటలేను. పోయినా పర్లేదు అనుకునే పార్టీ మీదనే పెట్టు.

ముందు ఒక ఉత్తరం రాయి, స్పీడ్ పోస్టుల. బిల్లు నంబరు, తారీఖు, నీ ఉద్యమ్ నంబరు, ఇన్ని రోజులైంది, ఇంత వడ్డీ అయితది, గింతే. తిట్టకు, బెదిరియ్యకు. దాని నకలు ఆయన ఆడిటర్‌కు పోతే ఇంక మంచిది. ఇగ నుంచి బిల్లు కిందనే ఉద్యమ్ నంబరు అచ్చు వేయించు, మర్యాదగ ఉంటది, మాట గూడ తెలుస్తది.

మండిబజార్ సేటు
నవంబర్ 12, ఉదయం 11:10

మరి నాకు? నేను గిన్నెలు హోల్‌సేల్ అమ్ముత. క్యాటరింగోళ్లు ఏడాది సంది తిప్పుతున్నరు. నాకు గూడ ఉద్యమ్ ఉన్నది కదా!

లెక్కల పిల్ల
నవంబర్ 12, మధ్యాహ్నం 1:30

అంకుల్, మీది ట్రేడింగ్. 2021 జులైల వ్యాపారులను ఉద్యమ్‌లకు తీసుకున్నరు కానీ బ్యాంకు రుణాలల్ల ప్రాధాన్యం వరకే. ఈ 45 రోజుల హక్కు మీకు రాదు.

మండిబజార్ సేటు
నవంబర్ 12, మధ్యాహ్నం 1:34

అంటే కొనేటోనికి చట్టం, చేసేటోనికి చట్టం, నడుమ అమ్మేటోనికి దేవుడు.

బీమా తమ్ముడు (కాజీపేట)
నవంబర్ 12, రాత్రి 7:45

ముందే చెప్తున్న, నేను బీమా ఏజెంట్‌నే. నా నంబర్ పెట్టను, ఎవరి దగ్గరనన్న తీసుకోండి. మగ్గం అన్న నూలు సంగతి చదివి రాస్తున్న.

2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలల్ల ఒకే తీరు పాలసీ ఉన్నది, పేరు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఒక జాగల మీ ఆస్తి, సరుకు మొత్తం 5 కోట్ల లోపు ఉంటే ఇదే. అగ్గి, తుపాను, వరద నీళ్లు దీంట్లనే వస్తయి, వరదకు వేరేగ కట్టేదుండదు. సరుకు విలువ 15 శాతం దాకా తక్కువ రాసినా కోత పెట్టరు. కానీ సరుకు ఏ జాగల ఉన్నదో ఆ అడ్రసు పాలసీల ఉండాలె. అన్నా, నీ నూలు బావమరిది ఇంట్ల ఉన్నది, మగ్గాలు కొత్తవాడల ఉన్నయి. కొత్తవాడ పాలసీ ఉన్నా గూడ ఈ నూలుకు వచ్చేది కాదు.

బ్యాంకు లోన్ ఉన్నోళ్లు ఒక పని చేయండి. మీ ఖాతాల నుంచి ఏటా బీమా పైసలు కట్ అయితయి, కానీ పాలసీ కాగితం చాలమంది చూడరు. అడిగి తెచ్చుకొని చూడండి. పాత దుకాణం అడ్రసే ఉండొచ్చు. ఈ వానకు నేను ఇసొంటివి రెండు చూసిన, దుకాణం మారింది, పాలసీ మారలే.

కొత్తవాడ మగ్గం
నవంబర్ 12, రాత్రి 9:00

నాకు ఏ పాలసీ లేదు తమ్మీ. ఇగ తీసుకుంట.

నర్సంపేట రైతుబిడ్డ
నవంబర్ 13, ఉదయం 9:25

అక్కా, జీఎస్టీ గురించి ఎవరూ చెప్పలే. సరుకులకు ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అవసరం లేదు, నువ్వు బేఫికర్ ఉండు. ఇంకో మాట, చపాట మిర్చికి ఈ 2025లనే జీఐ వచ్చింది. రంగు మస్తు, కారం తక్కువ, తొక్కులకు దానికి మించింది లేదు. మా దిక్కు రైతుల దగ్గరనే కొను, తాలుకాయ ఏరి ఇస్తం.

లెక్కల పిల్ల
నవంబర్ 13, ఉదయం 10:40

అన్నా, 40 లక్షలు చాలా రాష్ట్రాలల్ల, ఆంధ్రల గూడ. తెలంగాణల 20 లక్షలే. ఇక్కడ చాలమంది యూట్యూబ్ చూసి ఇదే పొరపాటు పడుతున్నరు.

అక్క టర్నోవర్ 9 లక్షలు, దాని ప్రకారం అవసరం లేదు. కానీ బెంగళూరుకు పార్సిల్ పంపుతున్న అన్నది. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవర్ ఎంతున్నా రిజిస్ట్రేషన్ ఉండాలె. విజయవాడకు పంపినా వేరే రాష్ట్రమే! హైదరాబాద్‌కు పంపితే ఏం లేదు. మగ్గం అన్నలాంటి చేతివృత్తి సరుకులకు దీంట్ల మినహాయింపు ఉన్నది, ఈ-వే బిల్లు (సరుకు రవాణా కాగితం) మాత్రం తీయాలె. తొక్కులకు ఆ మినహాయింపు లేదు.

ఇంకోటి, డబ్బా మీద "వరంగల్ చపాట" అని అచ్చు వేసే ముందు జీఐ కింద అధీకృత వాడుకదారుగా నమోదు చేసుకోవాలె. ఫీజు 10 రూపాయలే. మగ్గం అన్నా, నువ్వు నమోదైనవా?

కొత్తవాడ మగ్గం
నవంబర్ 13, మధ్యాహ్నం 12:15

సంఘంల అడుగుత. పది రూపాయలేనా? మాకు ఎవ్వరు చెప్పలే.

ములుగు రోడ్డు డబ్బాలు (వరంగల్)
నవంబర్ 13, రాత్రి 8:30

మాది ప్యాకింగ్ పౌచులు, లేబుళ్లు. అక్కా, అచ్చు వేసిన పౌచులకు పోకు ఇప్పుడే. అచ్చు వేసే సిలిండర్ ఖర్చు మీద పడుతది, వేలల్ల తీసుకోవాలె, అడ్రసు మారినా రేటు మారినా మూలకు పడ్తయి. సాదా జిప్ పౌచు తీస్కో, పైన స్టిక్కర్ వేయి. ఫుడ్ నంబర్ 14 అంకెలు, పచ్చ చుక్క, నికర బరువు, ఎంఆర్‌పీ, బ్యాచ్, తయారీ తేదీ, ఎప్పటిదాక వాడాలె, నీ అడ్రసు, స్టిక్కర్ మీద ఇవి ఉండాలె. వెయ్యి స్టిక్కర్లు గూడ వేసిస్త, నాకు పెద్ద మిగులు లేదు కానీ ఈడ చదివి బుద్ధి పుట్టింది.

జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర ఉన్నది, అందరికి యాది ఉన్నదా? పోయిన జాతరల నా గిరాకీల సగం బెల్లమోళ్లదే, కవర్ల కోసం. దుకాణం పెట్టాలనుకునేటోళ్లు జాగ సంగతి ఇప్పటి నుంచే ములుగు పోయి అడగాలె, జాతర ముంగట పోతే దొరికేది ధూళే. తినేటివి అమ్మితే తాత్కాలిక దుకాణానికి గూడ ఫుడ్ రిజిస్ట్రేషన్ కావాలె.

జమ్మికుంట ప్లేట్లు
నవంబర్ 13, రాత్రి 8:55

జాతరకు ప్లేట్లు నా దగ్గర తీస్కోండ్రి. చెప్పుకోవడానికి వచ్చిన, దాచేదేముంది.

మండిబజార్ సేటు
నవంబర్ 13, రాత్రి 9:10

ఇంతమందిమి ఈడ్నే ఉన్నం, మొఖాలు తెల్వదు. నేను మండిబజార్ల ఉంట, డబ్బాలాయన ములుగు రోడ్డుల ఉంటడు, ఆయన దగ్గర దొరికేటి కవర్లు నేను సికింద్రాబాద్ నుంచి తెస్తున్న ఇన్నేండ్ల సంది! 23వ తారీఖు ఆదివారం పొద్దుగాల 7 గంటలకు హన్మకొండ పబ్లిక్ గార్డెన్. చాయ్ నాది. బ్యానర్లు, శాలువాలు, ఉపన్యాసాలు ఉండయి. ఎవరి సరుకు వాళ్లు ఒక్కటి తెచ్చుకోండ్రి, రేటు కాగితం తెచ్చుకోండ్రి.

నిర్వాహకులు
నవంబర్ 14, ఉదయం 8:00

మంచి మాట. అప్పులిప్పిస్తామనేవాళ్లు, గొలుసుకట్టు స్కీములవాళ్లు మాత్రం రావద్దని మనవి. పోయినసారి వచ్చారు.

రిటైర్డ్ బ్యాంకోడు
నవంబర్ 14, ఉదయం 9:20

నేను వస్తాను. ఎవరికైనా స్టేట్‌మెంట్ చూపించాలనుంటే ఆరు నెలలది తెండి. హసన్‌పర్తిలో స్టేట్ బ్యాంకు వారి గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రం ఉంది, పల్లెల యువతకు శిక్షణ, భోజనం, వసతి ఉచితం. మీ ఇళ్లలో ఖాళీగా ఉన్న పిల్లలుంటే ఆ సంగతీ మాట్లాడుదాం. మహిళా సంఘంలో ఉన్న ఆడవాళ్లు ఆదివారం నాకు చెప్పండి. ఆహార పదార్థాలు చేసే సంఘ సభ్యులకు, నేను ముందు చెప్పిన పీఎంఎఫ్‌ఎంఈలోనే ఒక్కొక్కరికి 40 వేల వరకు మూలధనం సంఘం ద్వారా ఇచ్చే వీలుంది.

కారంపొడి అక్క
నవంబర్ 20, రాత్రి 9:05

అందరికీ ఇగో నా సంగతి. ఉద్యమ్ నేనే చేసుకున్న, మా బిడ్డ పక్కన కూసున్నది, పదిహేను నిమిషాలు గూడ పట్టలే. తయారీ అని పెట్టిన. కరెంటు ఖాతా తెరిచిన, స్కానర్ మారింది. మా ఆయన ఫోన్‌కు ఇగ "టింగ్" అని వస్తలేదని ముఖం జర చిన్నగైంది, సర్దుకుంటడు. ఫుడ్ రిజిస్ట్రేషన్‌కు పెట్టిన.

కలెక్టరేట్‌కు రెండుసార్లు పోయిన. మొదటిసారి సార్ లేడన్నరు. రెండోసారి రిసోర్స్ పర్సన్ నంబర్ ఇచ్చిన్రు, ఆయన ఇంటికి వచ్చి చూసి పోయిండు. వైరింగ్‌కు త్రీఫేజ్ మీటర్ కావాలె, అది ఖర్చుల రాయలేదు కదా అన్నడు. నిజమే, ఎవరికీ తట్టలే. కొటేషన్ మళ్ల కాగితం మీద తీసుకుంటున్న. బ్యాంకు మేనేజర్ "మూడు నెలల స్టేట్‌మెంట్ కానియ్యమ్మా, ఫిబ్రవరిల రా" అన్నడు. ఫిబ్రవరి అంటే మార్చి ముంగటనే కదా సార్, గడువు సరిపోతదా?

రిటైర్డ్ బ్యాంకోడు
నవంబర్ 20, రాత్రి 9:30

దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఇప్పుడే పెట్టించండి, ఫిబ్రవరి దాకా ఆగవద్దు. ఆదివారం స్టేట్‌మెంట్, తక్‌పట్టీలు తెండి. మీ ఆయన ఖాతా స్టేట్‌మెంట్ కూడా తెండి, పాత నాలుగేళ్ల వ్యాపారం అందులో ఉంది కదా. దాన్ని పక్కన జతచేసి చూపిద్దాం.

కొత్తవాడ మగ్గం
నవంబర్ 21, మధ్యాహ్నం 3:40

సిరిసిల్ల అన్న చెప్పినట్టే ఉత్తరం రాసిన, లెక్కల చెల్లె దిద్దింది. అందిన మర్నాడే షోరూమాయన ఫోన్ చేసిండు, "ఏందయ్యా, మనలో మనకు స్పీడ్ పోస్టులేంది" అని. నిన్న 90 వేలు పడ్డయి. మిగిలింది డిసెంబర్ అన్నడు. కొత్త ఆర్డర్ మాట ఎత్తలే. నేను గూడ ఎత్తలే.

ఆదివారం ఒక చిన్న జంఖానా తెస్త, కూసోనికి పనికొస్తది.

కారంపొడి అక్క
నవంబర్ 21, సాయంత్రం 6:15

డబ్బాలు అన్నా, ఆదివారం పావుకిలో పౌచులు రెండొందలు తెస్తవా? పైసలు అక్కడనే ఇస్త, నా ఖాతాల నుంచే.